బండికి ట్యాక్స్ ఉందా, అమ్మాయ్?

మా అన్నయ్య నాకు ఏడాదికి నాలుగుసార్లు ఫోన్ చేసేవాడు. పండగలకీ పుట్టినరోజులకీ కాదు. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలాఖర్లకి. ఆయనకి పెళ్లివారినీ యాత్రికులనీ తిప్పే వ్యాన్ ఒకటుండేది. అలాంటి అద్దె బళ్లకి మూడు నెలలకోసారి రోడ్డు ట్యాక్స్ కట్టాలి. కట్టిన ట్యాక్స్ ఎప్పటిదాకా ఉందో చూసి చెప్పడం, గడువు దగ్గరపడితే ఆన్‌లైన్‌లో కట్టడం నా పని. నేను ఫోన్ ఎత్తగానే "బండికి ట్యాక్స్ ఉందా, అమ్మాయ్?" అనేవాడు.

"చెల్లెలు ఉందో పోయిందో అక్కర్లేదు గానీ, బండికి ట్యాక్స్ ఉందో లేదో కావాలి నీకు" అని విసుక్కునేదాన్ని.

"నువ్వు పోతే ఇంత గట్టిగా కసరవు కదే" అని నవ్వేవాడు.

నేను ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో పనిచేస్తాను. అన్నయ్యా వదినా ఉండేది గోదావరికి అవతల కొవ్వూరులో. వాళ్లకి పిల్లల్లేరు. ఇంగ్లీషులో వచ్చే వెబ్‌సైట్లంటే ఆయనకి చిరాకు. అందుకని ఆ పని నాకు అప్పగించాడు. బండి నంబరు కొట్టి, కింద వంకరటింకరగా కనిపించే అక్షరాలు చూసి మళ్లీ టైపు చేస్తే వివరాలు వస్తాయి. ఆ వంకర అక్షరాలు నాకు మొదటిసారి కుదిరిన పాపాన పోలేదు. వాటిని కనిపెట్టినవాణ్ణి తిట్టుకుంటూ, మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు పెట్టుకుని ఆ పని పూర్తిచేసేదాన్ని. తిట్టుకున్నా, ఆ నాలుగు ఫోన్ల కోసం నేను ఎదురుచూసేదాన్నన్నది నిజం. మా ఇద్దరికీ వేరే కబుర్లు చెప్పుకోవడం చేతకాదు. ట్యాక్స్ సంగతి తేలాక, ఫోన్ పెట్టేసే ముందు "ఒంట్లో బాగానే ఉందా?" అనేవాడు. నాకు అది చాలు.

ఆయనకి ఈ పట్టింపు ఊరికే రాలేదు. ఒకసారి కొత్త దంపతుల్ని అన్నవరంలో వ్రతానికి తీసుకువెళుతుంటే హైవే మీద బండి ఆపారు. ట్యాక్స్ గడువు దాటిపోయింది. పెళ్లిళ్ల హడావుడిలో మర్చిపోయాడు, అంతే. బండి పక్కకి పెట్టించేశారు. కాళ్ల పారాణి వదలని పెళ్లికూతురు పట్టుచీరతో రోడ్డు పక్కన ఎండలో నిలబడింది. పెద్దవాళ్లు మరో బండి మాట్లాడుకుని వెళ్లిపోయారు. ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదట. "తిట్టినా బాగుండేది" అన్నాడు నాతో. ఆ తర్వాత ఏ ఒక్క నెలాఖరూ మర్చిపోలేదు.

కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిశాక అన్నయ్య ప్రయాణాలన్నీ రాజమండ్రి ఆసుపత్రికే. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎంతమంది పెళ్లివారినో వంతెన దాటించిన మనిషి, ఎవరిదో ఆటోలో వెనక సీట్లో వదిన మీదకి ఒరిగి కూర్చుని అదే వంతెన దాటేవాడు. బండికి డ్రైవర్ని పెట్టమని అందరం చెప్పాం. ఆయన ఒప్పుకోలేదు.

"శ్రావణానికి నేనే ఎక్కుతాను. ఈలోపు స్టీరింగు ఇంకొకడి చేతికిచ్చి బండి పాడుచెయ్యను" అన్నాడు.

బ్యాటరీ పడిపోతుందని రోజూ పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి ఇంజను స్టార్ట్ చేసేవాడు. కొన్నాళ్లకి బండెక్కే ఓపిక కూడా పోయింది. తాళం వదిన చేతికిచ్చి, ఎలా తిప్పాలో నేర్పి, వరండాలో మంచం మీద కూర్చుని వినేవాడు. ఇంజను నడుస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఇక డ్రైవింగ్ మాట మర్చిపోవాల్సిందేనని డాక్టరు గారు చెప్పింది ఆయనతో కాదు. గది బయటికి పిలిచి నాతోనూ వదినతోనూ చెప్పారు. మేమిద్దరం కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాం. "ఏమన్నారు?" అని అడిగాడు. "మందులు మార్చారు" అంది వదిన. నోరున్న ఆడబడుచునని మా వదిన నన్ను ఎప్పుడూ ఆటపట్టించేది. ఆ రోజు నేనూ అవునన్నట్టు తలూపాను.

అలా ఉండగా జూన్ నెలాఖరు దగ్గరపడింది. ట్యాక్స్ గడువు అయిపోవస్తోంది. బండి రోడ్డెక్కదనుకుంటే, కొత్త మూడు నెలలు మొదలుకాకముందే ఆ సంగతి రాసి రవాణా ఆఫీసులో ఇవ్వాలి. దాన్ని స్టాపేజీ అంటారు. అది ఇస్తే ట్యాక్స్ కట్టక్కర్లేదు, బండి మాత్రం చెప్పిన చోటు నుంచి కదలకూడదు. ఆషాఢంలో బేరాలుండవని చాలామంది పెట్టేవారు. అన్నయ్య ఇన్నేళ్లలో ఒక్కసారీ పెట్టలేదు. ఇప్పుడు పెట్టాలంటే కింద ఆయన సంతకం ఉండాలి. సంతకం చెయ్యమని అడగడమంటే, శ్రావణానికి నువ్వు బండెక్కవని చెప్పడమే.

వదిన నాకు ఆఫీసుకి ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, "ట్యాక్స్ కట్టెయ్యమ్మా. స్టాపేజీ అన్న మాట ఆయన చెవిన పడనివ్వకు. శ్రావణం మీదే ప్రాణం పెట్టుకుని ఉన్నారు" అంది.

నాకు ఒళ్లు మండింది. వదిన మీద కాదు. ఎవరి మీదో చెప్పలేను. ఇంత తెలివైన మనిషిని పసిపిల్లాడిలా మభ్యపెట్టడం నాకు నచ్చలేదు. అలాగని నిజం చెప్పే ధైర్యమూ లేదు. "అలాగే వదినా" అన్నాను.

ఆ మర్నాడు నేను కట్టకముందే అన్నయ్య ఫోన్ వచ్చింది.

"బండికి ట్యాక్స్ ఉందా, అమ్మాయ్?"

గొంతు బాగా నీరసంగా ఉంది. ఈసారి నేను విసుక్కోలేదు. "ఈ నెలాఖరు వరకూ ఉందన్నయ్యా. ఇవాళ కట్టేస్తాను" అన్నాను.

"కట్టకు. ఆదివారం రా. వచ్చేటప్పుడు స్టాపేజీ కాగితం పట్టుకురా" అన్నాడు.

ఆదివారం వెళ్లాను. వరండాలో మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వదిన కాఫీ తెచ్చి, నా ఒళ్లో కాగితం చూసి, గ్లాసు అక్కడ పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. నేను రాయడం మొదలుపెట్టాను. బండి నంబరు ఇద్దరికీ నోటికొచ్చినదే. బండి ఉండే చోటు దగ్గర, ఇంటి పక్క షెడ్డు అని రాశాను. కారణం దగ్గరికి వచ్చేసరికి ఆయన అడగకుండానే గబగబా రాయబోయాను.

"ఏం రాస్తున్నావు?"

"రిపేరు అని. అందరూ అదే రాస్తారు."

"దేనికి రిపేరు? ఇవాళ పొద్దున్న మీ వదిన తాళం తిప్పగానే అందుకుంది. లక్షణంగా ఉన్న బండి మీద నింద వెయ్యకు. తోలే మనిషికే బాగాలేదని రాయి."

రాశాను. రాసి, ఆయన వైపు చూడకుండా సంతకం పెట్టాల్సిన చోటు చూపించాను.

"ఏదీ, ముందు చదువు" అన్నాడు.

"యజమాని అనారోగ్యం వల్ల ప్రస్తుతం బండి నడపలేకపోతున్నారు."

కళ్లు మూసుకుని విన్నాడు. "ఆ ప్రస్తుతం ఎందుకు?"

"అలాగే రాస్తారన్నయ్యా."

"కొట్టెయ్."

నేను తలెత్తాను. ఎప్పుడు వచ్చిందో, వదిన గుమ్మంలో నిలబడి ఉంది. అన్నయ్య ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూశాడు.

"డాక్టరు గారు మీతో ఏం చెప్పారో, ఆ రోజు మీరు లోపలికి రాగానే మీ మొహాలు చూసి తెలుసుకున్నాను. ఎవరో ఒకరు చెప్తారు కదా అని చూశాను. మీ వల్ల కాదని అర్థమైంది. మీరు బెంగపెట్టుకుంటారని నేనూ శ్రావణం, శ్రావణం అంటూ వచ్చాను. ఎన్నాళ్లని అంటాం? కొట్టెయ్, అమ్మాయ్."

ఆ మాట మీద గీత గీశాను. ఆయన కాగితం తీసుకుని, నిదానంగా సంతకం పెట్టి నాకు ఇచ్చాడు. వదిన వచ్చి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. నెలల తరబడి వంటింట్లోకి వెళ్లి, పంపు తిప్పి ఆ చప్పుడులో ఏడ్చిన మనిషి, ఆయన భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది.

"ఏడు. ఇక్కడే ఏడు" అన్నాడు అన్నయ్య.