చచ్చాక లేస్తుందా?

మా వదినకు బతికున్న వస్తువంటే నమ్మకం లేదు. ఏదైనా ఒకసారి పూర్తిగా చచ్చి, మళ్ళీ లేచి చూపిస్తేనే దాన్ని ఇంట్లోకి రానిస్తుంది. దుకాణంవాడు ఛార్జింగు టార్చిలైటు వెలిగించి "ఎంత వెలుగో చూడండమ్మా!" అని మురిసిపోతుంటే, "అది సరే బాబూ, చచ్చాక లేస్తుందా?" అంటుంది. అతను ఒకడుగు వెనక్కి వేస్తాడు.

ఈ పిచ్చి పట్టి ఆర్నెల్లయింది. అప్పటినుంచి మా ఇంట్లో ఫోన్లన్నీ కొనఊపిరితోనే ఉంటున్నాయి. నాది ఛార్జింగులో పెట్టి స్నానానికి వెళ్తే, వచ్చేసరికి తీసేసి ఉంటుంది.

"ఇంకా మూడు శాతం ఉందిగా. పూర్తిగా పోనీ, అప్పుడు పెడదాం."

"వదినా, ఆఫీసు నుంచి ఫోనొస్తుంది!"

"రానీ. నీ ఫోను ఎలాంటిదో నాకూ తెలుస్తుంది."

అన్నయ్యతో మొరపెట్టుకుంటే పేపరు వెనక దాక్కుంటాడు. అమ్మకు చాడీలు చెబితే "అలాగే నాయనా" అంటుంది. ఒకప్పుడు ఆవులించినా తప్పుపట్టిన మనిషి, ఈ మధ్య దేనికీ ఎదురు చెప్పడం లేదు. వయసుతో పాటు శాంతం వచ్చిందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను.

నా ఖర్మకొద్దీ వదినా నేనూ పనిచేసేది ఒకే చోట. చెవిలో పెట్టుకునే వినికిడి మిషన్లు చేసే చిన్న కంపెనీ అది. వాటి ఛార్జింగు సర్క్యూటు గీసేది ఆవిడ, పెట్టెలు కట్టించి పంపేది నేను. ఆవిడ సంతకం లేనిదే పెట్టె గుమ్మం దాటదు. అసలే నాది పిరికి ప్రాణం. లారీ ఆలస్యమైతే గాభరాతో నీళ్ళు తాగుతాను, ముందే వస్తే ఇంకా ఎక్కువ తాగుతాను.

మొన్న శుక్రవారం వెయ్యి పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. నాలుగింటికి లారీ. మూడున్నరకు వదిన "ఇప్పుడే సంతకం పెట్టను" అంది. నేను ఒక గ్లాసు నీళ్ళు తాగాను.

"అన్నీ ఛార్జవుతున్నాయిగా వదినా!"

"బతికున్నవి అవుతాయి. నెలల తరబడి మూలన పడేసింది?"

"పడేసిన వాళ్ళదే తప్పు. మనకెందుకు?"

ఆవిడ చూసిన చూపుకి ఇంకో గ్లాసు తాగాను.

"పాత సర్క్యూటులో ఛార్జరు 'కరెంటు ఇవ్వనా?' అని మిషన్ని అడుగుతుంది. బ్యాటరీ చచ్చాక అదేం పలుకుతుంది? పలకలేదని ఛార్జరూ ఊరుకుంటుంది. సొమ్మసిల్లిన మనిషిని ఎన్ని గ్లాసులు కావాలని అడుగుతారటయ్యా? ముందు మొహాన నాలుగు చుక్కలు చల్లుతారు. కొత్త సర్క్యూటు పని అదే. అడక్కుండా కాస్త కాస్త ఎక్కిస్తుంది. లేచాకే అడగడం."

"చేస్తోందిగా మరి!"

"నేను చంపినవి లేచాయి. దానంతటది చచ్చింది లేవాలి."

సొరుగులోంచి గుడ్డసంచీ తీసి, అందులో ఉన్న మిషన్ని ఛార్జింగులో పెట్టింది. చచ్చి ఏడు నెలలైందట. బ్యాటరీ పాతదే ఉంచి, సర్క్యూటు మాత్రం కొత్తది వేసిందట. ఎర్రదీపం వెలిగితే సంతకం, లేకపోతే లారీ ఖాళీగా పోతుంది.

అయిదు నిమిషాలైంది. దీపం లేదు. యజమాని ఫోను చేస్తే "పెట్టెలు ఎక్కిస్తున్నాం సార్" అని అబద్ధమాడాను. పది నిమిషాలైంది. ముందే వచ్చిన లారీ హారన్ కొట్టింది.

"నా ఉద్యోగం చచ్చాక లేస్తుందా వదినా?"

ఆవిడ నవ్వలేదు. బల్లమీద సర్క్యూట్లు కాలి పొగలొచ్చినా చలించని మనిషి, ఛార్జరు వైరు ఊడిందేమోనని మూడోసారి నొక్కి చూస్తోంది. చూడలేక చూపు తిప్పుకుంటే ఆ గుడ్డసంచీ కనిపించింది. దానికి ఆకుపచ్చ గుండీ ఉంది. నా చిన్నప్పటి చొక్కాది.

"ఇది అమ్మ కుట్టింది కదూ?"

"మిషనూ అత్తయ్యదే, నేనే తెచ్చిచ్చాను. చుట్టాలొస్తే పెట్టుకుందామని దుప్పట్ల అడుగున దాచారు. తీసేసరికి చచ్చింది, ఎంతసేపు పెట్టినా లేవలేదు. తనే పాడుచేశానని భయం. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నారు."

"నాతో బాగానే మాట్లాడుతోందిగా?"

"'అలాగే నాయనా' కాకుండా ఇంకేమన్నారో చెప్పు."

ఒక్కటీ గుర్తు రాలేదు. అమ్మకు వినపడక తలూపుతుంటే దానికి శాంతమని పేరు పెట్టిన ఘనుణ్ణి నేను.

"కొత్తది ఇచ్చెయ్యకపోయారా?"

"అదీ పాడుచేస్తానేమోనని వద్దన్నారు. ఇదే లేవాలి, అప్పుడే ఆ భయం పోతుంది. తప్పు ఆవిడది కాదయ్యా, నా సర్క్యూటుది. మీ ఫోన్లన్నీ సరదాకి చంపాననుకున్నావా? ఏది ఎలా లేస్తుందో చూసి నేర్చుకున్నాను. మరిచిపోయిన వాళ్ళకి మిషను శిక్ష వెయ్యకూడదు."

పదిహేడో నిమిషాన ఎర్రదీపం మినుకుమంది. నేను లారీవాడికి వినపడేంత గట్టిగా అరిచాను. వదిన కళ్ళు తుడుచుకుని, గబగబా సంతకాలు పెట్టేసింది.

సాయంత్రం అమ్మ చెవికి మిషను తగిలించి, "అమ్మా! వినిపిస్తోందా!" అన్నాను.

"ఎందుకురా ఆ అరుపు? నేనేమైనా చెవిటిదాన్నా?"

"మీరు పాడుచెయ్యలేదు అత్తయ్యా. నేనే తప్పు గీశాను" అంది వదిన.

"నాకు ముందే తెలుసు" అంది అమ్మ.

గంటలో నా చొక్కాకు, అన్నయ్య నడకకు, కారే కుళాయికి వంకలు పెట్టేసింది. ఆనక విసుగొచ్చి, మిషను తీసి సంచీలో వేసి గుండీ పెట్టింది.

"చుట్టాలొచ్చినప్పుడు చూద్దాంలే. వీడి వాగుడు వినడానికి దీన్ని అరగదీయడం ఎందుకు?"

నేను మళ్ళీ నీళ్ళ గ్లాసు అందుకున్నాను. "వదినా, దాచేస్తోంది! మళ్ళీ చస్తుంది!"

వదిన తాపీగా దుప్పట్లు పైకెత్తి పట్టుకుంది.

"దాచుకోనీవయ్యా" అంది. "చచ్చాక లేస్తుంది."