మామగారి గడి నింపడానికి దివిసీమ వెళ్ళాం

మా అబ్బాయి ప్రసన్న పోయి పద్నాలుగు నెలలైంది. వాడికి ముప్పై ఒక్కేళ్ళు. తొమ్మిదేళ్ళ పాటు చేతులూ కాళ్ళూ వాడి మాట వినలేదు. చివరికి మింగడం కూడా రాలేదు. ఆ జబ్బు పేరు హంటింగ్టన్ అని, దానికి మందు లేదని, అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వస్తుందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇక నాకు మిగిలింది మా అమ్మాయి సుహాసిని. దానికి ఇరవై ఏడేళ్ళు. దానికీ ఆ జబ్బు రాబోతోందో లేదో రక్త పరీక్ష చెప్పేస్తుందట. చేయించుకోవాలా వద్దా అన్నది తేల్చుకోలేకే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. ఇలాంటి పని మీద తిరిగేవాళ్ళు ఇంకా ఉంటారు కదా అని రాస్తున్నాను.

గుడివాడలో ఆరుంపావు బందరు బస్సు ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్ ఇస్తారు. దగ్గర దగ్గర గంటన్నర ప్రయాణం. కండక్టరు సరదా మనిషి.

“బందరు లడ్డూకా అండీ, తల్లీకూతుళ్ళు?”

“డాక్టరు దగ్గరికి బాబూ.”

“అయితే ముందే తినేయండి. ఆయన్ని చూశాక తిననివ్వడు.”

సుహాసిని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. గుడ్లవల్లేరు దాకా, తెలుసుకోవడమే మంచిది, లేదని తెలిస్తే పిల్ల హాయిగా బతుకుతుంది అనుకున్నాను. పెడన వచ్చేసరికి, ఉందని తెలిస్తేనో అని భయం పట్టుకుంది. సంచి జిప్పు తీస్తున్నాను, వేస్తున్నాను. “అమ్మా, అది ఊడి చేతికొస్తది” అని సుహాసిని నా చెయ్యి పట్టుకుంది.

బందరులో డాక్టరమ్మ ఒక కాగితం మీద మా ఇంటి మనుషులందరినీ గీసింది. మగవాళ్ళకు చదరం గడి, ఆడవాళ్ళకు సున్నా. జబ్బు ఉన్నవాళ్ళ గడి నల్లగా నింపుతారు. ప్రసన్న గడి నింపుతుంటే నేను కిటికీ వైపు చూశాను. మా ఆయన ముప్పై నాలుగేళ్ళకే లారీ ప్రమాదంలో పోయారు. అప్పటికి ఆయనకు ఏ జబ్బూ కనబడలేదు. అందుకే అది వచ్చింది ఆయన వైపు నుంచో నా వైపు నుంచో మాకు తెలియదు.

“మీ మామగారు ఎలా పోయారమ్మా?”

“తాగి కాలవలో పడ్డారండి.” ఆయన్ని నేను చూడలేదు. నా పెళ్ళికి ముందే పోయారు. ఆ ఇంట్లో అందరూ చెప్పే మాటే చెప్పాను.

ఆవిడ ఆ గడి ఖాళీగా వదిలేసి కాగితం మా చేతికిచ్చింది. “ఆయన్ని దగ్గరగా చూసినవాళ్ళను అడిగి రండి. ఏ వైపు నుంచి వచ్చిందో తెలిస్తే మిగతా బంధువులకూ చెప్పొచ్చు. పరీక్ష మాత్రం అమ్మాయి ఇష్టం. మీరు చేయించమన్నా వద్దన్నా నేను వినను” అంది. నాకు కోపం వచ్చింది. తొమ్మిదేళ్ళు కొడుక్కి చేత్తో తినిపించిన దాన్ని, నా మాటకు విలువ లేదా?

టిఫిను చేసి, మా ఆడపడుచును అడుగుదామని పదిన్నరకు అవనిగడ్డ బస్సు ఎక్కాం. చల్లపల్లి, మోపిదేవి మీదుగా గంటకు పైనే పడుతుంది. పులిగడ్డ దాటుతుంటే ఇక ఆగలేకపోయాను.

“వద్దులేవే ఈ పరీక్ష. దిగి వెనక్కి పోదాం.”

“పొద్దున చేయించుకోమన్నావుగా?”

“అప్పుడు అట్టా అనిపించింది.”

“నాకూ అంతేనమ్మా. ఊరికో రకంగా అనిపిస్తంది.”

అవనిగడ్డలో షేర్ ఆటో మాట్లాడుకున్నాం, మనిషికి నలభై. నాగాయలంక దాటాక దారికి రెండు వైపులా రొయ్యల చెరువులే. “ఎవరింటికండీ?” అన్నాడు డ్రైవరు. మా ఆడపడుచు మరియమ్మ పేరు చెప్పాను. “అబ్బో, ఆవిడా! టీ తాగిందాకా అసలు సంగతి ఎత్తనివ్వదండీ” అన్నాడు.

అతను చెప్పినట్టే అయింది. వదిన చేపల పులుసుతో అన్నం పెట్టింది. తింటూ మూడుసార్లు అడిగాను, మామగారిది ఏం జబ్బని. “జబ్బేంటే మణీ, తాగుడు” అని మూడుసార్లూ అదే మాట. తర్వాత టీ తెచ్చింది. సుహాసిని గ్లాసు అందుకుని మెల్లగా అడిగింది.

“అత్తా, తాతయ్య టీ గ్లాసు ఎట్టా పట్టుకునేవాడు?”

ప్రసన్నకు మొదట తేడా కనబడింది గ్లాసు పట్టుకోవడంలోనే. వదిన పీట మీద కూలబడింది.

“రెండు చేతుల్తోనే. అయినా ఒలికిపోయేది. మా అమ్మ గిన్నెలో పోసి పట్టేది.”

“నడక?”

“గట్టు మీద కాలు ఎటు పడుద్దో ఆయనకే తెలిసేది కాదు.” కొంగుతో మొహం తుడుచుకుంది. “ఒక్క చుక్క తాగలేదే మా నాన్న. చర్చిలో సంఘపెద్ద ఆయన. మేం ముగ్గురం ఆడపిల్లలం. తాగుబోతు కూతురంటే సంబంధం దొరుకుద్ది. ఒణుకు రోగం ఇల్లంటే ఎవరూ గడప తొక్కరు. అందుకని మా అమ్మే అట్టా చెప్పమంది. ఆయన వింటుండగానే చెప్పాం, మణీ.”

వదినను అనడానికి నేనెవర్ని? ప్రసన్నకు ఇరవై రెండేళ్ళప్పుడు ఒక సాయంత్రం పనిలోంచి తూలుతూ వచ్చాడు. గుమ్మంలోనే ఆపి నోరు వాసన చూశాను. ఏ వాసనా లేదు. అయినా తాత రక్తం అనుకుని చెంప మీద కొట్టాను. “తాగలేదమ్మా” అన్నాడు వాడు. నేను నమ్మలేదు.

నాలుగింటికి వెనక్కి బయల్దేరాం. బస్సులో సుహాసిని ఆ కాగితం తీసి తాతయ్య గడి పెన్నుతో నింపింది. తర్వాత వాళ్ళ నాన్న గడి. దాని సున్నా మాత్రం అలాగే వదిలేసింది.

“ఎల్లుండి పోయి రక్తం ఇచ్చొస్తా.”

“మందు లేదుగా, ఎందుకే?”

“మందు కోసం కాదు. రేపెప్పుడన్నా నేను తూలితే నా నోరు ఎవరూ వాసన చూడకూడదు.”

“నేనూ వస్తా, బయట కూర్చుంటా” అన్నాను. “బయటే” అంది.

రక్తం ఇచ్చి పదకొండు రోజులైంది. ఫోను మోగితే ఇద్దరం ఒకేసారి లేస్తున్నాం. ఉందంటే ఎలా బతకాలో నాకు తెలియదు. లేదంటే ప్రసన్న ఫోటో వైపు ఏ మొహంతో చూడాలో అదీ తెలియదు. పిల్ల మాత్రం ఇప్పుడు నిద్రపోతోంది. నేను గడిలోని ఆ పెద్దాయన్ని తలుచుకుంటున్నాను. తాగుబోతు అని సొంత పిల్లలే చెబుతుంటే వింటూ కూర్చున్న మనిషిని.

ఇలా కనుక్కోవడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క సంగతి చెబుతాను. పెద్దవాళ్ళను ఏం జబ్బని అడగకండి, చెప్పరు. టీ వేళ దాకా ఆగి, గ్లాసు ఎలా పట్టుకునేవారో అడగండి.