గుడ్డ ఎత్తితే ఆగే పంటు

వాన వెలిసిన సాయంత్రాల్లో బందరు బస్టాండు దగ్గర ఏ పాత ఆటోనో స్టార్టవ్వక దగ్గి దగ్గి నల్లటి పొగ వదిలితే, చుట్టూ జనం ముక్కులు మూసుకుంటారు, నేను మాత్రం కాసేపు నిలబడిపోతాను. తడి బురదా, కాలిన డీజిలూ కలిసిన ఆ వాసన మా నాన్న చొక్కాది. నాగాయలంకకు అవతల, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న మా లంక నుంచి ఇవతలి గట్టుకు ఆయన పంటు నడిపేవాడు.

పంటంటే పెద్ద సంగతేమీ కాదు, రెండు పడవలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఒక ఇంజను బిగించడమే. మా తాత రోజుల్లో ఇంజను కూడా లేదు, గడ వేసి తోసేవారట. ధాన్యం బస్తాలు, మేకలు, నొప్పులతో మూలిగే ఆడవాళ్లు, క్రిస్మస్‌కి కొన్న కొత్త బట్టలు, రంగుకాగితాల నక్షత్రాలు, బ్యాండుమేళాలు, శవపెట్టెలు, అన్నీ ఆ బల్లల మీదుగానే రావాలి, పోవాలి. పోటు మీద పంటు కదులుతుంది; నీరు తీసేస్తే మధ్యలో ఇసుకమేట తేలి, మళ్లీ పోటు వచ్చేదాకా లంక మొత్తం ఎక్కడిదక్కడే. తుఫాను ముసురుకి వారమేసి రోజులు రేవులోనే కట్టేసి ఉండేది. అరిసెల పాకం ఎంత కమ్మగా వాసన కొట్టినా, తొక్కుడుబిళ్ల ఎంతసేపు ఆడినా, ఏ వైపు పరిగెత్తినా ఆఖరికి నీళ్లే. మా లంక ఎంత అందంగా ఉందోనని చూడ్డానికి వచ్చినవాళ్లు మురిసిపోయేవారు. సాయంత్రానికి తిరిగి వెళ్లిపోయేవాళ్లకు ఏదైనా అందంగానే ఉంటుంది. నాకు ఊపిరాడేది కాదు.

రేవులో ఒక కట్టుబాటు ఉండేది. పంటు కదిలాక ఎవరైనా గట్టు మీద నిలబడి గుడ్డ ఎత్తితే, తువ్వాలో, కొంగో, చేతిలో ఏదుంటే అది, పంటు వెనక్కి రావాల్సిందే. నాన్న చూపెప్పుడూ ముందున్న మేటల మీదే కాబట్టి, పంటులో ఎవరు చూస్తే వాళ్లు "గుడ్డెత్తారు" అని చెప్పాలి. చూసి కూడా చెప్పనివాళ్ల గురించి నేను వినలేదు.

ఐదో తరగతి అయిపోయిన వేసవిలో, బందరులో హాస్టలున్న బడికి ప్రవేశపరీక్ష రాయడానికి లంక నుంచి ఇద్దరం బయల్దేరాలి, నేనూ, పక్కింటి సువార్తా. సీటొస్తే లంక దాటినట్టు, రాకపోతే ఏడాది తిరిగేసరికి రొయ్యల తలలు తీసే పనిలో చేరినట్టు. ఆ పొద్దున నీరు గబగబా తీసేస్తోంది. సువార్త ఇంకా రాలేదు.

"ఇంకాగితే మేటెక్కేస్తాం. మళ్లీ మజ్జానం దాకా కదల్లేం" అని నాన్న తాడు విప్పేశాడు.

నేను వెనకాల గడ్డిమోపుల చాటున కూర్చున్నాను. పంటు నాలుగు బారలు పోయిందో లేదో, సువార్త రేవులోకి పరిగెత్తుకుంటూ వచ్చి, సంచిలోంచి తన పచ్చ గౌను లాగి ఎత్తింది. మోపులు అడ్డం కావడంతో ఇంకెవరికీ కనపడలేదు. వెనక్కి తిరిగితే మేట మీద ఇరుక్కుంటాం, పరీక్ష పోతుంది, నేనూ ఇక్కడే ఉండిపోతాను. నోరు తెరిచాను, మళ్లీ మూసేశాను. గౌను కాసేపు ఊగి, కిందికి దిగిపోయింది.

నాకు సీటొచ్చింది. ఆ తర్వాత బందరులోనే చదువు, ఉద్యోగం, కాపురం. నాన్న ఆ సంగతి తెలియకుండానే పోయాడు. ఎన్ని ఊళ్లు తిరిగినా ఆ గడ్డిమోపుల చాటు నుంచి మాత్రం నేను బయటికి రాలేకపోయాను, సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మొన్నీమధ్య లంకకు వెళ్లాను. పంటు ఇంకా నడుస్తోంది కాని, గుడ్డ ఎత్తేవాళ్లు ఎవరూ లేరు. ఆలస్యమైతే నడిపే అతనికి ఫోన్ చేస్తారు, సిగ్నల్ దొరక్కపోతే ఉండిపోతారు. రేవు గట్టున చేపలు ఎండబెడుతూ సువార్త కనిపించింది. పక్కన కూర్చుని, ఇన్నేళ్లకు చెప్పేశాను.

"ఆ రోజు నువ్వు గౌను ఎత్తడం చూశానే. చూసే చెప్పలేదు."

సువార్త ఒక చేపను తిరగేసింది. "తెలుసులేవే. నీ మొహం చూశాకే దించేశాను. పంటు వెనక్కొస్తే నువ్వూ ఉండిపోయేదానివి కదా" అంది.

నేనూ ఒక చేపను తిరగేశాను. కింద రేవులో పంటు ఇంజను మోగింది. సువార్త చేతులు చీరకు తుడుచుకుని ఫోన్ తీసి, "బాబూ, మా మనిషొకరు వస్తన్నారు, కాస్త ఆపు" అని చెప్పింది.