అక్క అడగని సీరు

మా అక్క ఆ సీరు అడగలేదు. ఇన్నేళ్లుగా మా బంధువుల్లో నడుస్తున్న మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా వైపు అక్కచెల్లెళ్ల బిడ్డలకు చెవులు కుట్టేటప్పుడు మేనమామ తీసుకుపోయే సారెను సీరు అంటారు. బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకునేదీ మేనమామే. ఫ్లెక్సు బోర్డులు కొత్తగా వచ్చిన కాలమది. మా తోడల్లుడు తన చెల్లెలి ఇంటికి మేళంతో, లారీలో సీరు తీసుకుపోయి, దారి పొడుగునా తన ఫోటోతో బోర్డులు కట్టించాడు. మా ఊరు పిక్కిలిలో, టీ అంగట్లో కొన్నాళ్లు అదే మాట. నేను ఆ అంగడికి పోవడమే మానేశాను.

తన పాపకు చెవులు కుట్టిస్తున్నామని పిలవడానికి అత్తగారి ఊరు మహేంద్రమంగళం నుంచి వచ్చిన అక్క నాతో విడిగా చెప్పింది: "పాపకు ఒక గౌను, తట్టలో పండ్లు పెట్టుకోని రా తమ్ముడా, సాలు. ఊరికి చూపించాల్సింది ఏమీ లేదు."

నా భార్యతో నేను చెప్పింది వేరు. "అక్క గట్టిగా అడుగుతా ఉంది. తక్కువైతే అత్త ముందర తలెత్తుకోలేదంట."

నా భార్యకు రెండు ఆవులుండేవి. దూడలప్పటి నుంచి తానే పెంచింది. ఇల్లు గడిచేది ఆ పాలతోనే. సీరుకు డబ్బు కావాలంటే వాటిని అమ్మాల్సిందే. ఆమె, "ఆడబిడ్డ నోరు తెరిచి అడిగినాక ఏం చేసేది? తోలుకోని పో" అంది.

ఆవులు సంతకు పోయాయి. నేను ధర్మపురి స్టూడియోలో అరువు నల్లద్దాలు పెట్టుకుని ఫోటో దిగాను. బోర్డులో పాప బొమ్మకంటే నాదే పెద్దది. "ఏం మామా, ఎలక్షన్లో నిలబడతావా?" అని ఎవరో ఎగతాళి చేస్తే దానికీ మురిసిపోయాను.

మండపంలో తట్టలు దించుతున్నప్పుడు నా భార్య అందరి ముందరా అక్కను నిలదీసింది.

"తృప్తేనా వదినా? నా కొట్టం ఖాళీ చేసి తెచ్చినాము. ఇంకేమన్నా కావాలంటే ఇప్పుడే అడుగు."

అక్క నా వైపు చూసింది. నా ఒడిలో పాప ఏడుస్తోంది. సముదాయించే నెపంతో నేను తల వంచుకున్నాను. అక్క అత్తగారు, మరుదులు వింటున్నారు.

"అవునమ్మా, నేనే అడిగినాను" అంది అక్క.

తర్వాత ఆమె మా గడప తొక్కలేదు. "తమ్ముడి ఆవుల్ని తినింది" అని పెళ్లిళ్లలో ఆమె వెనక అనుకునేవారు. నేను విని, భోంచేసి వచ్చేవాణ్ణి.

పోయిన నెల నా భార్యకు నిజం చెప్పాను. ఆమె అరవలేదు.

"అప్పుడే ఆ యమ్మ నాకెందుకు చెప్పలేదు?"

"నా పరువు పోతుందని."

"మరి ఆ యమ్మ పరువో? ఇన్నేళ్లూ నా నోటితో ఆ యమ్మను తిట్టించినావే!"

మరునాడు పొద్దున్నే ఆమె మహేంద్రమంగళం బయలుదేరింది. నేనూ చెప్పులు వేసుకోబోయాను.

"నువ్వు రావద్దు" అంది. "నువ్వు ఎదురుగా ఉంటే ఆ యమ్మ మళ్లీ అబద్ధమే చెప్తుంది."