పాట వినిపించని మెట్లు

ముందు గ్లాసు చప్పుడు వస్తుంది. స్టీలు గ్లాసు మీద చెంచాతో ఠంగు ఠంగుమని కొట్టుకుంటూ ఎవరో చెక్కమెట్లు ఎక్కుతున్న చప్పుడు. ఆ తర్వాత కాసేపటికి గానీ రత్నాబాయి కనబడదు. వర్లిలో ఆమె ఇప్పుడుంటున్న ఒంటిగదుల చాల్‌లో ఇది అందరికీ అలవాటే. ముసలామె టీ తెస్తోంది అనుకుంటారు. గ్లాసులో టీ ఉండదు. ఎవరింటికి వెళ్లినా, చివరికి తన గదిలోకి తానే వెళ్లినా, ముందు చప్పుడును పంపి వెనకాల తాను వస్తుంది. చెప్పకుండా గుమ్మంలో నిలబడే మనిషంటే ఆమెకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

వర్లికి రాకముందు, కామాఠిపురా చాల్‌లో ఆమె ఖోలీకి పేరంటూ ఉండేది కాదు. రాళ్లు మోసి ఈ నగరాన్ని కట్టడానికి వచ్చిన పెద్దల నుంచి తల్లికి, తల్లి నుంచి ఆమెకు వచ్చిన ఒంటిగది. పెళ్లయిన ఏడాదికే తిరిగొచ్చేసి అందులోనే ఉండిపోయింది. పొద్దున మేస్త్రీలకు అన్నం డబ్బాలు కట్టేది. మధ్యాహ్నం, మగవాళ్లంతా పనులకు పోయిన వేళ, తలుపు దగ్గరికి వేసి ఆడవాళ్లకు బీరు పోసేది. నంజుకోవడానికి ఉడికించిన శనగలు, వేయించిన ఎండు బొంబిల్ చేపలు.

అక్కడికి వచ్చేవాళ్లు ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు. ధారావిలో తోలుసంచులు కుట్టే ఇద్దరు, ఫోరస్ రోడ్‌లో గాజుల దుకాణం నడిపే నీత, స్కూటీ మీద వచ్చే మనాలి, ఇంకా కొందరు. "మావ్‌శీ, నీది లెస్బియన్ బార్" అని, పిన్ని వరస కలుపుకున్న మనాలి ఒకరోజు చెబితే, అంత పెద్ద పేరు ఇంత చిన్న గదిలో పట్టదని రత్నాబాయి నవ్వేసింది. లోపల ఎవరి ఒళ్లో ఎవరైనా తల పెట్టుకోవచ్చు. కిటికీ ఊచల్లోంచి ఎండ దిగి, ఒక్కో జంటకు ఒక్కో చార పంచి, నెమ్మదిగా గోడెక్కి వెళ్లిపోయేది.

ఆ గదికి కాపలా కిష్టమ్మ. భర్త పోయాక కింది అంతస్తులో కొడుకు దగ్గర, మనమరాలు దివ్యతో ఉండేది. రత్నాబాయికి ఆమే లోకం. నడవాలో ఇద్దరూ ఒకరినొకరు "వదినె" అని పిలుచుకునేవారు. తలుపు పడ్డాక ఈమె రత్నీ, ఆమె కిష్టీ. వదినెలంటే అట్లుండాలని చాల్ ఆడవాళ్లు తమ కోడళ్లకు వాళ్లను చూపించేవారు.

మధ్యాహ్నాలు కిష్టమ్మ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది. ఇరుకు మెట్లు. ఆమె అడ్డంగా కాళ్లు చాపేది. మోకాళ్లు నిజంగానే పాడైపోయాయి. పైకి పోవాల్సిన మగవాడు ఆగి "కాళ్లు తియ్యి పెద్దమ్మా" అనాలి. ఆమె తన నొప్పుల గురించి చెప్పి, చాట దించి, మూలుగుతూ ఒక్కో కాలూ పక్కకు జరుపుకునేలోగా ఎల్లమ్మ పాట ఎత్తుకునేది. ఆ గొంతు వినబడగానే పైన గ్లాసులు మంచం కిందికి పోయేవి, తాళాలు చేతుల్లోకి వచ్చేవి. వచ్చినవాడు తొంగి చూసేసరికి ఆడవాళ్ల భజన సాగుతుండేది.

ఆ భజన ఎంత బాగా కుదిరిందంటే, చాల్ పెద్ద శివరాం తన ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వచ్చి పాడమన్నాడు. సగం మత్తులోనే వెళ్లి పాడారు. ఇంత భక్తి ఈ రోజుల్లో ఎక్కడిదని శివరాం కళ్లు తుడుచుకుని, తలా ఒక కొబ్బరికాయ చేతిలో పెట్టాడు. ఆ మాట చెప్పుకుని ఎన్నాళ్లో నవ్వుకున్నారు.

ఒక మధ్యాహ్నం పాట రాలేదు.

తలుపు తోసుకుని అదే శివరాం, వెనక చాల్ కమిటీ మగవాళ్లు. రత్నాబాయి చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. చాపలు నడవాలోకి విసిరేశారు. ఆడవాళ్లు కొంగులు కప్పుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మెట్లు దిగారు. ఆ తర్వాత వడ్రంగిని పిలిచి తలుపును ఊడదీయించి కమిటీ గదికి మోయించుకుపోయారు. తలుపు లేని గదిలో బీరు మాట అటుంచి, ఏడుపు కూడా కుదరదు.

రత్నాబాయి వర్లిలో పినతల్లి కూతురి దగ్గరికి చేరింది. కిష్టమ్మ రాలేదు, ఫోను ఎత్తలేదు. అయినా రత్నాబాయి ఆమెను ఎవరినీ ఒక్క మాట అననిచ్చేది కాదు. ఎండకు కునుకు పట్టి ఉంటుంది. గొంతు పూడుకుపోయి ఉంటుంది. భయానికి పాట మర్చిపోయి ఉంటుంది. రోజుకో కారణం అల్లి కిష్టమ్మ మీద కప్పేది, ఆ దుప్పటి కిందే తానూ పడుకునేది. గది పోతే పోయింది. కిష్టమ్మ తనను పట్టివ్వలేదని తెలిస్తే చాలు.

బతుకమ్మకు కామాఠిపురా వెళ్లింది. గల్లీ మొదట్లోనే ఆ గొంతు వినబడింది. పూల చుట్టూ తిరుగుతూ కిష్టమ్మ పాట ఎత్తుకుంటోంది, ఆడవాళ్లు చప్పట్లతో అందుకుంటున్నారు. గొంతులో ఒక్క బీట లేదు. పక్కన నిలబడ్డ నీత ఇక దాచలేక చెప్పింది. ఆ రోజు తాను ఆలస్యంగా వచ్చి మెట్ల కింద ఆగిపోయిందట. మగవాళ్లు ఎక్కుతుంటే చూసిందట. కాళ్లు తియ్యమని ఎవరూ అనలేదట. వాళ్లు దగ్గరికి రాకముందే కిష్టమ్మ చాట జరిపి, మోకాళ్లు గడ్డానికి ఆనేలా ముడుచుకుని, గోడకు ఒదిగి దారి ఇచ్చిందట.

పాట ఆగాక రత్నాబాయి వెళ్లి ఎదురుగా నిలబడింది. కిష్టమ్మ ఆమె చేతిలో సత్తుపిండి ముద్ద పెట్టి, ఇరుగుపొరుగును అడిగినట్టు అడిగింది.

"పాణం మంచిగున్నదా, రత్నాబాయ్?"

"వదినె అనుడు గూడ బందయిందా?"

కిష్టమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "దివ్య లగ్గం ఉండె గద. పిల్లగానోళ్లు ఇల్లు చూడ రావట్టిరి. నేను అడ్డం రాకుంటే నా పేరు బయటికి రానియ్యనన్నడు శివరాం. నేనేం జెయ్యాలె?"

"నాతోని ఒక్క మాట అంటే, నేనే తలుపు మూసుకుందును గదనే."

కిష్టమ్మ ఎవరో పిలిస్తే మళ్లీ పూల దగ్గరికి వెళ్లి పాట ఎత్తుకుంది. రత్నాబాయి చేతుల్లో ముద్ద పొడిపొడిగా రాలింది. ఆ చేతులు తమంతట తామే చప్పట్లు కలిపాయి. ఆ గొంతు వినబడితే కదలడం ఎన్నో మధ్యాహ్నాలుగా వాటికి తెలిసిన పని.

ఇదంతా చెప్పి రత్నాబాయి వర్లిలోని తన గదిలో లేచి నిలబడింది. ఇది రాసే మనిషిని సాగనంపడానికి మెట్ల దాకా వచ్చింది, గ్లాసును మాత్రం గట్టు మీదే వదిలేసి. మెట్లు దిగుతుంటే పైనుంచి అంది:

"పాట మర్చిపోయిందంటే ఇప్పటికీ నమ్ముత, బిడ్డా. గా మోకాళ్లకు రోజు నేనే తైలం రాస్తుంటి. ఎంత రాసినా వంగకపోతుండె. ఆ రోజు ఎట్ల వంగినయి?"