సంగటక్క మెస్సు

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ ఏదీ ఉండేది కాదు, చేసి చూసేదాకా. పలమనేరు నుంచి తిరుపతికి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి అమ్మాయిల హాస్టల్లో దిగిన కొత్తల్లో ఈ ధీమా మరీ ముదిరింది (పెళ్ళయ్యాక దాని ఆనవాలు కూడా మిగల్లేదనుకోండి). మా పక్క గదిలో టాంజానియా నుంచి వచ్చి పరిశోధన చేసే ఒక అక్క ఉండేది. వార్డెనమ్మ ఆమెకు మెస్సు చూసుకునే పని అప్పగించింది. ఆ పని ఉన్నన్నాళ్ళే ఆ గది. పని పోతే ఊళ్ళో ఇల్లు వెతుక్కోవాలి. తోడు లేని పరాయి దేశపు పిల్లకు ఇల్లు దొరకడం మాటలు కాదు. తెలుగు మా వంటవాళ్ళ దగ్గరే నేర్చుకుంది కాబట్టి, "యాడికి మే పోతాండావు? తిని పో!" అని అచ్చం మా మేనత్తలా గదమాయించేది.

చిక్కంతా చింతపండుతో వచ్చింది. అక్కకు పులుపు పడదు. అందరికీ అంతేననుకుని సాంబారులో, రసంలో చింతపండు తగ్గించేసింది. చిత్తూరు జిల్లా పిల్లలు పులుపు తగ్గితే ఊరుకుంటారా? పోలోమని వార్డెనమ్మ దగ్గరికి పోయారు. ఆమె అక్కను పిలిచి, "ఆదివారం సంగటి పెట్టించమ్మా. పిల్లోళ్ళు తిని బాగుండాదంటే సరి. లేదంటే మెస్సు ఇంకొకరికి ఇచ్చేస్తా" అంది.

తీరా ఆదివారం పొద్దున, సంగటి కెలకడం వచ్చిన ఒక్క వంటామె చంద్రగిరిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళిపోయింది. నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి రుబ్బిపెట్టి పోయింది గానీ, సంగటి ఎవరు చేస్తారు? అక్క దాన్ని కంటితో కూడా చూసి ఎరగదు. ఆమె ముఖం చూసి నాకు పౌరుషం పుట్టుకొచ్చింది. "నేనుండా గదక్కా! పలమనేరోళ్ళకు సంగటి ఒకరు నేర్పాల్నా?"

బియ్యం ఉడుకుతుంటే రాగిపిండి గుమ్మరించి, వెంటనే కెలకడం మొదలుపెట్టాను. నిమిషంలో గిన్నెనిండా ఉండలు కట్టాయి. పెరట్లోకి పోయి గుట్టుగా అమ్మకు ఫోన్ చేశాను. "నువ్వా? సంగటా? తట్టలో పెడితే తినేదే గదా నీకు తెలిసింది!" అని ఆమె నవ్వు మొదలెట్టింది. ఆ నవ్వు ఆపుకుని, "పిండేసినాక కొంచేపు కెలకద్దు, మూతపెట్టి..." అనేసరికి నేను ఫోన్ పెట్టేశాను. అప్పటికే కెలికేశాక వినీ ఏం లాభం?

వంటింట్లోకి వచ్చేసరికి అక్క గిన్నెలోకి వంగి చూస్తోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "మే, ఇది మా ఉగాలి గదే!" అని కేకేసింది. వాళ్ళ దేశంలో ఇంటింటా ఇదే తిండట. చున్నీ నడుముకు బిగించి, నన్నూ ఇంకో పిల్లనూ గిన్నె పట్టుకోమని, తెడ్డుతో ఒక్కో ఉండనూ అంచుకు అదిమి చిదిపి, అంతా నున్నగా అయ్యేదాకా కెలికింది. "మా అమ్మ ఇట్లే సేస్తాది" అంటూ భుజంతో కళ్ళు తుడుచుకుంది. ఆవిరి అంది. నాకూ ఆవిరి తగిలింది.

మధ్యాహ్నం వార్డెనమ్మ వచ్చి కూర్చుంది. అక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నింపాదిగా నమలసాగింది. హాలంతా ఒక్కసారి గోల. "నమలగూడదక్కా! మింగాల!" కొట్లాట అనుకుని వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. అక్క కళ్ళు తేలేసి ఒక ముద్ద మింగింది. నీళ్ళు తాగి, "మింగితే రుచి ఎట్ల తెలుస్తాది మే?" అని అడిగింది. అంతమంది రాయలసీమ పిల్లలూ "బాగుండాదక్కా" అంటూ తలా ఇంకో ముద్ద మింగారు. వార్డెనమ్మ కూడా రెండో ముద్ద వేయించుకుని, "ఊరిబిండిలో ఇంకొంచెం చింతపండు పడాలమ్మా, వచ్చేవారం సూసుకో" అంది.

వచ్చేవారం అనగానే అక్క ముఖం వెలిగిపోయింది. చదువు పూర్తయ్యేదాకా ఆ మెస్సు ఆమెదే, ఆ గదీ ఆమెదే. సంగటక్క అని పేరు కూడా స్థిరపడింది.

ఇప్పుడు మా ఇంట్లో సంగటి నేనే చేస్తాను, ఉండలు లేకుండా. మొదటి ముద్ద మాత్రం ఎవరూ చూడకుండా నములుతాను. మొన్న అత్తమ్మ పట్టేసింది. "పలమనేరులో పుట్టి సంగటి నమల్తావేమే?"

"రుచి తెలుస్తాదత్తమ్మా" అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి, తనూ ఒక ముద్ద నమిలింది.