లండన్ ఇంటావిడా, మా అమ్మా

ఎం.ఏ. ఆఖరి సంవత్సరంలో సమకాలీన బ్రిటిష్ సాహిత్యం తీసుకుంటానంటే మా నాన్న ఒక్కటే అడిగాడు. "రైల్వేలో పనికొత్తాదా?" రాదన్నాను. "సర్లే, సదువుకో" అన్నాడు. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. తనకు పనికిరాని వాటి జోలికి వెళ్లే మనిషి కాదు కాబట్టి నాకు అడ్డు లేకుండా పోయింది.

ఎనభైల చివరి మాట. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో లోకల్ ఎక్కి, కంసావతి నది దాటి, మేదినీపూర్ వెళ్లి చదువుకునేదాన్ని. మా ప్రొఫెసరుకు నవల ఒక్కటే చదివితే సరిపోదు. అది రాసే రోజుల్లో అక్కడ గనులెందుకు మూస్తున్నారు, ప్రభుత్వం ఏ చట్టం తెచ్చింది, బస్సులు నడపడానికి ఎక్కడెక్కడి దీవుల నుంచో మనుషుల్ని రప్పించుకున్న దేశం వాళ్లకు ఇళ్లెందుకు ఇవ్వలేదు, అన్నీ చెప్పాలి. క్లాసులో సగంమంది గైడులోంచి దించేవారు. నేను చట్టాల పేర్లు బట్టీ పట్టి తెగ మురిసిపోయేదాన్ని.

మాకు పాఠంగా పెట్టిన నవల లైబ్రరీలో ఒక్క కాపీయే ఉండేది. నేనూ నా స్నేహితురాలూ చెరో వారం చదువుకునేవాళ్లం. ఆమె ఝార్‌గ్రామ్ అవతల, అడివి అంచు ఊళ్లోని సంతాల్ తెగ పిల్ల. బస్సెక్కి, రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో బండి మారి వచ్చేసరికి మొదటి క్లాసు అయిపోయేది. ఒక్కోరోజు రెండోదీ అయిపోయేది. హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనిచ్చేది లేదని ఆఫీసులో చెప్పేశారు. హాస్టల్లో చోటు లేదు. దగ్గర్లో గది దొరక్కపోతే చదువు మానుకోవడమే. అప్పటికే చాలా ఇళ్లు తిరిగింది. ఇంటిపేరు వినగానే గది నిన్ననే ఎవరికో ఇచ్చేశామనేవారు.

ఖరగ్‌పూర్‌లోనే నిమ్‌పురా రైల్వే యార్డు అవతల మేం కట్టుకున్న ఇంట్లో పెరటివైపు గది ఒకటి ఖాళీగా ఉండేది. అద్దెకిద్దామని అమ్మే అంటూ ఉండేది. కానీ తిన్నగా అడిగితే ఏమంటుందో నాకు తెలుసు. అందుకని నవల మీదుగా వెళ్దామనుకున్నాను. కథలంటే అమ్మ చెవి కోసుకుంటుంది.

మధ్యాహ్నాలు అమ్మ చింతపండు పిక్కలు తీస్తుంటే పక్కన కూర్చుని ఆ నవల తెలుగులో చెప్పేదాన్ని. అలా వలస వెళ్లినవాళ్ల పిల్లలు పెద్దయ్యాక రాసిన నవలల్లో అదొకటి. ఒక నల్లజాతి బస్సు కండక్టరు, కడుపుతో ఉన్న అతని భార్య, లండన్ చలి. ఏ తలుపు తట్టినా గది లేదంటారు. ఒక ఇంటావిడైతే నల్లవాళ్లకు ఇవ్వబడదని కిటికీలో బోర్డే పెట్టేసింది. అక్కడ ఆగి అమ్మ ముఖంలోకి చూశాను.

"అందులో తప్పేటుంది? ఆవిడిల్లు, ఆవిడిట్టం" అంది అమ్మ.

నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం తాపీగా పిక్కలు తీస్తూనే ఉంది.

"నాను కాపరానికొచ్చిన కొత్తల్లో మీ నాన్నా నానూ ఎన్ని గుమ్మాలెక్కినామో నీకేటి తెలుసు? ఎండుసేపల కంపొత్తాదని ఓ బెంగాలీ ఆవిడ మొకం మీదే తలుపేసేసింది. ఏటైంది, సచ్చిపోనామా? ఇంకోకాడ దొరికింది."

తను పడ్డది తలచుకుని కరుగుతుందనుకుంటే, మేం పడ్డాం కాబట్టి అందరూ పడాల్సిందే అన్నట్టు మాట్లాడుతోంది. ఆ కోపంలోనే స్నేహితురాలి సంగతి బయటపెట్టేశాను. అమ్మ పళ్లెం పక్కకు జరిపింది.

"సంతాల్ పిల్లా? మనకెందుకే. నలుగురూ ఏటనుకుంటారు?"

ఆ నలుగురూ ఎవరో చూపించమని అరిచాను. నాకు ముక్కు మీదే కోపం. అమ్మతో మాటలు మానేశాను, కథ కూడా ఆపేశాను. పుస్తకం ఎలాగూ స్నేహితురాలి వంతుకు వెళ్లిపోయింది.

నా అలక అమ్మ లెక్కచెయ్యలేదు కానీ కథ ఆగిపోతే మాత్రం తట్టుకోలేకపోయింది. అన్నం వడ్డిస్తూ, గోడకేసి చూస్తూ అడిగింది, "ఆ పిల్లకి పురుడొచ్చిందా?" తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

ఆ వారాంతంలో ఒక సాయంత్రం స్నేహితురాలు మా ఇంటికి వచ్చింది, నవల నా చేతికిచ్చి వెళ్లడానికి. ఇక క్లాసులకు రానని, పరీక్షలో ఈ ప్రశ్న వస్తే బాగా రాయమని చెప్పింది. ఇంతలో అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఆమె ఎవరో పోల్చుకుని, తలుపు పట్టుకుని నిలబడింది. అక్కణ్నించే బెంగాలీ, హిందీ కలిపిన తన సొంత భాషలో అడిగింది, పుస్తకం ఆఖరుదాకా చదివావా అని.

"చదివాను మాసీ" అంది, పిన్నిని పిలిచినట్టు.

"అయితే చెప్పు."

ఆమె అరుగు మీద కూర్చుని చెప్పింది. నాకన్నా బాగా చెప్పింది. నాకు కాస్త అసూయ కూడా వేసింది. కండక్టరు భార్యకు నొప్పులు మొదలయ్యాక, వెచ్చగా ఉంటుందని భర్త ఆమెను స్టేషను వెయిటింగ్ రూముకు తీసుకెళ్లాడు. టికెట్టు లేనివాళ్లు బయటికి పొమ్మన్నారు. అక్కడ అమ్మ ఉండబట్టలేకపోయింది. టికెట్టడిగినవాణ్ని కన్నతల్లి లేదా, చుట్టూ ఉన్న ఆడవాళ్లేం చేస్తున్నారు, ఒకటే ప్రశ్నలు. అసలు వాళ్లంతా అలా ఎందుకున్నారని అడిగింది. పైవాళ్లు ఓట్ల కోసం జనాన్ని భయపెట్టారని, ఆ భయమే ఇంటావిడ కిటికీలోకి వచ్చి బోర్డయిందని స్నేహితురాలు చెప్పింది. నేను బట్టీపట్టిన చట్టాలన్నీ నాకు అప్పుడే అర్థమైనట్టనిపించింది.

బిడ్డ పుట్టి, తల్లీబిడ్డా బతికి బయటపడేసరికి చీకటి పడింది. ఝార్‌గ్రామ్‌లో ఆఖరి బస్సు అందించే బండి వెళ్లిపోయింది.

"నా మూలానే కదా" అని అమ్మ నసిగింది. పెరటి గదిలోంచి నాన్న సైకిలు బయట పెట్టించి, చాప పరిపించింది. అన్నం మాత్రం కంచంలో కాకుండా విస్తట్లో పెట్టి, నా చేత పంపింది. అది నేను గమనించాను. స్నేహితురాలూ గమనించింది.

పొద్దున్న ఆమె బయలుదేరుతుంటే అమ్మ గుమ్మంలోకి వచ్చింది. పరీక్షలయ్యేదాకా ఆ గదిలో ఉండమంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. స్నేహితురాలు మాత్రం భుజాన సంచి దించలేదు.

"ఉంటాను మాసీ. కానీ నీళ్లు ఈ నూతిలోంచి నేనే తోడుకుంటాను. ఎవరో తోడి పోస్తే పట్టుకోను. కుదరదంటే ఇప్పుడే చెప్పండి, బండికి వెళ్లిపోతాను."

ఇప్పుడే అడగాలా అని నాకు ఆమె మీద కోపమొచ్చింది, భయమూ వేసింది. ఆమె చదువంతా ఆ జవాబు మీదే ఉంది. అది తెలిసే అడిగింది.

అమ్మ నూతికేసి చూసింది. పిట్టగోడ మీంచి పక్కింటి తెలుగావిడ మాకేసే చూస్తోంది. అమ్మ ఆవిడకేసీ చూసింది. తర్వాత నావైపు తిరిగి, గోడ అవతలికి కూడా వినబడేలా తెలుగులో అంది.

"దానికి సెప్పవే. మనకున్నది ఒక్క నుయ్యి. దానికోసరం ఇంకోటి తవ్వించమంటాదేటి? సేద అక్కడే ఉంది, తోడుకోమను."

అమ్మ చెయ్యి నూతివైపే చూపిస్తోంది. నేను బెంగాలీలో చెప్పేలోపే స్నేహితురాలు సంచి దించి అటు నడిచింది.